సైనికుడు మన్రో రాయలసీమ కలెక్టర్ ఎలా అయ్యాడు? రైతుకు నిజంగా మేలు చేశాడా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: థామస్ మన్రో తుపాకీ పట్టుకొచ్చిన సిపాయి కదా, కలెక్టర్ కుర్చీలో ఎలా కూర్చున్నాడు? మీ తాతగారేమో "మన్రో దొర ధర్మాత్ముడు" అనేవారు, వీడియోల్లోనేమో పాలెగాళ్లను అణిచేసిన క్రూరుడంటున్నారు, ఇందులో ఏది నిజం? మీ ఇంట్లో పెట్టెలో ఉన్న పాత కాగితం "మన్రో కాలం పట్టా" అంటున్నారు, దానికి విలువ ఉందా?

ముందు జవాబు చెప్పేస్తాను. ఆయన కలెక్టర్ కావడానికి కారణం ఇక్కడి భాషలు తెలిసుండటం, గుడారంలో బతకడం అలవాటై ఉండటం. అప్పటి ఈస్టిండియా కంపెనీ సివిల్ ఉద్యోగుల్లో ఎక్కువమందికి ఈ రెండూ లేవు. మీ తాతగారి మాట, వీడియోల మాట రెండూ నిజమే, కానీ రెండూ సగం సగమే. రైతు మీద శిస్తు తగ్గించాలని ఆయన గట్టిగా రాసిన మాట వాస్తవం. అంతకుముందు ఏడేళ్లు అదే శిస్తును బాగా పెంచి వసూలు చేసిందీ ఆయనే. ఇక మీ పట్టా మన్రో కాలంనాటిది అయ్యుండదు. ఎందుకో కింద రాస్తాను.

నేను అనంతపురం, కర్నూలు జిల్లాల్లో రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. చరిత్ర ప్రొఫెసర్‌ని కాను. పాత రికార్డు రూముల్లో చెదలు దులుపుతూ అలవాటైన ఆసక్తి ఇది.

ఇంతకీ ఎవరీయన? 1761లో గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం మునిగింది, ఇల్లు గడవడం కష్టమైంది. దాంతో కుర్రవాడు ఈస్టిండియా కంపెనీ పదాతి దళంలో క్యాడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు.

దిగిన కొత్తలోనే ఓ తమాషా జరిగింది. పెద్దమనిషిలా కనిపించిన ఒక నౌకరు వచ్చి, దొరగారి బట్టలు ఈ దేశానికి పనికిరావని చెప్పి వాటిని మూటగట్టుకున్నాడు, కొత్తవి కుట్టించడానికి గుడ్డ తెస్తానని ఆరు గినీలు తీసుకున్నాడు. మళ్లీ కనిపిస్తే ఒట్టు. ఈ సంగతి మన్రోయే ఇంటికి ఉత్తరంలో రాసుకున్నాడు. తర్వాతి కాలంలో కరణాలు, అమల్దార్లు (శిస్తు వసూలు అధికారులు) చెప్పే లెక్కలు పట్టుకోవడంలో ఈయన్ని మించినవాడు లేడని పేరు వచ్చింది. మొదటి పాఠం మద్రాసులోనే అయిందని నేను సరదాగా అంటుంటాను.

వచ్చిన ఏడాదే హైదర్ అలీతో యుద్ధం. పొల్లిలూరు దగ్గర కంపెనీ అధికారి బైలీ దళం తుడిచిపెట్టుకుపోయినప్పుడు ఈయన దగ్గర్లోనే ఉన్న హెక్టర్ మన్రో సైన్యంలో ఉన్నాడు (ఇంటిపేరు ఒకటే గానీ ఇద్దరూ వేరు). తర్వాత టిప్పుతో యుద్ధాలు. మధ్యలో ఖాళీ దొరికినప్పుడల్లా పార్సీ, హిందుస్తానీ నేర్చుకున్నాడు. ఇంటికి పంపే డబ్బు పోగా చేతిలో పెద్దగా మిగిలేది కాదు.

మలుపు 1792లో వచ్చింది. టిప్పు ఓడిపోయి బారామహల్‌ను వదులుకున్నాడు. అంటే ఇప్పటి తమిళనాడులోని ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతం. ఆ కొత్త ప్రాంతాన్ని ఎవరి చేతిలో పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. అక్కడి భాష, పద్ధతులు తెలిసిన సివిల్ ఉద్యోగులు దొరకరని గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ మిలిటరీ అధికారులనే వేశాడు. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ పెద్ద, ఆయన కింద ముగ్గురు సహాయకులు, వారిలో మన్రో ఒకడు. రైతువారీ పద్ధతి (మధ్యలో జమీందారు లేకుండా ఒక్కో రైతు నుంచి నేరుగా శిస్తు తీసుకోవడం) అనేది ఒక్క మన్రో బుర్రలో పుట్టిందని చాలామంది రాస్తారు. అది సరికాదు, రీడ్‌కు అందులో పెద్ద వాటా ఉంది. మన్రో దాన్ని అలవరచుకున్నాడు, తర్వాత జీవితమంతా దానికోసం వాదించాడు.

ఏడేళ్లు అక్కడ పనిచేశాక 1799లో టిప్పు రాజధాని శ్రీరంగపట్నం పడిపోయింది. మన్రోను కెనరాకు, అంటే మంగుళూరు వైపుకు పంపారు. అక్కడ వానలు, గొడవలు, మనసుకు నచ్చలేదు. ఏడాది తిరగ్గానే మన సీమకు వచ్చాడు.

దత్త మండలాలు ఎలా ఉండేవంటే. 1800 అక్టోబరులో నిజాం కంపెనీతో ఒప్పందం చేసుకుని, తన దగ్గర ఉండే ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం రాసిచ్చేశాడు. (రాయలసీమ అన్న పేరు 1928 నంద్యాల సభలో వచ్చింది, అప్పటిదాకా దత్త మండలాలే. కర్నూలు నవాబు రాజ్యం ఇందులో లేదు, అది 1839 దాకా విడిగానే ఉంది.) విజయనగరం పోయాక ఎవరెవరి గుర్రాల కిందో నలిగిన నేల. సుమారు 80 మంది పాలెగాళ్లు, ఒక్కొక్కరికీ కోట, ఆయుధాలు పట్టిన కట్టుబడి బంట్లు. ఊరు కట్టే శిస్తు కొంత పాలెగాడికి, కొంత అమల్దారుకు, ఇంకొంత అటుగా పోయే సైన్యానికి.

మన్రో ప్రిన్సిపల్ కలెక్టర్. ముఖ్య స్థానం అనంతపురం. కింద నలుగురు సబార్డినేట్ కలెక్టర్లు. కలెక్టర్ అయినా మిలిటరీ ర్యాంకు పోలేదు, మేజరుగా ఉన్నవాడు ఇక్కడ ఉండగానే లెఫ్టినెంట్ కర్నల్ అయ్యాడు. ఏడాదిలో ఎక్కువ కాలం గుడారమే కచ్చేరి. పొద్దున లేచింది మొదలు గుడారం చుట్టూ రైతులు, రెడ్లు, కరణాలు. ప్రైవేటుగా ఉత్తరం రాసుకుందామన్నా తీరిక దొరకడం లేదని ఇంటివాళ్లకు రాసేవాడు. తిరుగుళ్లలో చుట్టూ కాపలా సిపాయిలను పెట్టుకునేవాడు కాదు. సైన్యాన్ని వెంటేసుకుని తిరిగితే జనం దగ్గరికి రారు, నిజం తెలియదు అని ఆయన లెక్క. మా సర్వీసులో క్యాంపు కోర్టులు, గ్రామసభలు చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, ఊళ్లోకి పోలీసు జీపుతో వెళ్లిన రోజు ఒక్క మాట బయటికి రాదు. ఒంటరిగా వెళ్లి రచ్చబండ మీద కూర్చుంటే ఎవరి గట్టు ఎవరు జరిపారో సాయంత్రానికల్లా తెలిసిపోతుంది.

పాలెగాళ్ల సంగతి. ఇక్కడ వీడియోల వాళ్లు చెప్పేదాంట్లో నిజం ఉంది. మన్రో వాళ్లను వదిలేసే ఉద్దేశంతో రాలేదు. ముందు కట్టాల్సిన పేష్కష్ (కప్పం) పెంచడం, కట్టకపోతే జనరల్ డుగాల్డ్ క్యాంబెల్ సైన్యాన్ని దింపడం, లొంగినవాళ్లకు పింఛను ఇచ్చి కోట నుంచి దించడం. కొన్నేళ్లలో బంట్ల పటాలాలు లేకుండా పోయాయి. ఈ తీరు మరీ దూకుడుగా ఉందని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే 1804లో తప్పుపట్టారు. మన్రో తన పనిని సమర్థించుకుంటూ జవాబు రాశాడు.

పాలెగాళ్లే కాదు, మామూలు ఊళ్లూ తిరగబడ్డాయి. ఇప్పటి కర్నూలు జిల్లా తెర్నేకల్లులో 1801లో జనం బకాయి శిస్తు కట్టేది లేదని భీష్మించారు, వసూలుకొచ్చిన తహసీల్దారును చంపేశారు. సైన్యం వచ్చింది, మొదటి దెబ్బకు ఊరు లొంగలేదు. ఇంకా బలగం తెచ్చి కోట పట్టుకున్నారు. ఊరి పెద్ద ముత్తుకూరు గౌడప్పను ఉరితీశారు. ఆ చుట్టుపక్కల ఇప్పటికీ ఆయన పేరు చెప్పుకుంటారు. 'మన్రో దొర ధర్మం' అనే మాట తెర్నేకల్లులో అంటే ఒప్పుకోరు, ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు.

పింఛన్ల కథ అక్కడితో ఆగలేదు. నొస్సం పాలెగాడి కుటుంబానికి వారసుడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడినప్పుడు కారణాల్లో ఈ పింఛను ఒకటి. కోయిలకుంట్ల ఖజానా కొట్టాడు, 1847 ఫిబ్రవరిలో అక్కడే ఉరికంబం ఎక్కించారు. మన్రో అప్పటికి చనిపోయి ఇరవై ఏళ్లు. అయినా ఆ లెక్క మొదలైంది ఈయన పద్దులోనే.

ఇప్పుడు అసలు పని, పైమాయిషీ, అంటే భూమి కొలత. నాకు మన్రో మీద గౌరవం కలిగేది ఇక్కడే, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

మొదటి ఏడాది ఊరికింత అని శిస్తు కట్టాడు. తర్వాత నుంచి రైతు రైతుకూ విడిగా లెక్క. కానీ భూమి ఎంతో తెలియకుండా శిస్తు ఎలా వేస్తారు? కరణం దఫ్తరం ఏది చెబితే అదే. అందుకని 1802లో నలుగురు గుమాస్తాలతో సర్వే మొదలుపెట్టాడు. పని నేర్చినవాళ్లు ఇంకొందరికి నేర్పగా సిబ్బంది వందకు చేరారు. అందరూ ఇక్కడివాళ్లే. మొదట నెల జీతం ఇచ్చారు, పని సాగలేదు. కొలిచిన భూమిని బట్టి కూలి కట్టేసరికి పరుగెత్తింది. తొందరలో తప్పులు కొలవకుండా పైన తనిఖీ చేసేవాళ్లను పెట్టి, కొలిచిన పొలాలనే మళ్లీ కొలిపించారు.

గొలుసు పొడవు 33 అడుగులు. ఆ గొలుసంత చదరం అంటే 1,089 చదరపు అడుగులు, ఒక గుంట. నలభై గుంటలు 43,560, సరిగ్గా ఒక ఎకరా. ఇప్పుడు తెలంగాణలో, కర్ణాటకలో రైతు "ఎకరం పది గుంటలు" అంటాడే, ఆ గుంట లెక్క ఇదే. మన సీమలో తర్వాత సెంట్లలోకి వచ్చాం.

కొలత అయ్యాక తరం కట్టేవాళ్లు వచ్చేవారు. మెట్ట, మాగాణి, తోట వేరు వేరు. ఏ పొలం ఏ తరగతి అన్నది ఊరి రెడ్డి, కరణం, రైతుల సమక్షంలో తేల్చేవారు. ఆ పైన శిస్తు. ఏటా జమాబందీలో (ఆ ఏటి శిస్తు లెక్క తేల్చేటప్పుడు) రైతు ఏ పొలం సాగు చేస్తున్నాడో చూసి పట్టా. ఇదంతా 1807కల్లా దాదాపు పూర్తయింది. కంప్యూటర్లు, డ్రోన్లు పెట్టుకుని రీసర్వే ఎంత సాగుతోందో చూస్తున్నాం కదా. ఆ రోజుల్లో ఎడ్లబండి, గొలుసుతో, మధ్యలో కరువుతో ఐదేళ్లలో చేశారంటే మాటలు కాదు.

మీ పెట్టెలో కాగితం విషయం ఇక్కడే చెప్పేస్తాను. మన్రో సర్వే వేరు, ఇప్పటి మన సర్వే నంబర్లు వేరు. ఇప్పుడు వాడుతున్న నంబర్లు, ఎఫ్ఎంబీ (పొలం కొలతల) పటాలు 1858లో మద్రాసు ప్రభుత్వం పెట్టిన సర్వే, సెటిల్‌మెంట్ శాఖ పని నుంచి, ఆ తర్వాతి రీసెటిల్‌మెంట్ల నుంచి వచ్చినవి. నా దగ్గరికి ఒక పెద్దాయన గుడ్డలో చుట్టిన కాగితం తెచ్చి, "ఇది మన్రో దొర ఇచ్చిన పట్టా, మా దాయాదులు ఎట్లా కాదంటారు?" అని వాదించాడు. విప్పి చూస్తే పైన అచ్చు వేసిన ఫారం, కింద సర్వే నంబరు, సబ్ డివిజన్ లెటరు. బ్రిటిషు కాలం చివర్లో ఇచ్చింది. పెద్దాయన బాధపడ్డాడు గానీ ఆ కాగితం ఆయనకు బాగానే పనికొచ్చింది, ఎందుకంటే ఆ నంబరు పాత భూమి రిజిస్టర్లయిన డైగ్లాట్‌లో, ఆర్ఎస్ఆర్‌లో సరిపోయింది. మీరూ అదే చేయండి. కాగితంలో సర్వే నంబరు ఉంటే తహసీల్దారు ఆఫీసులో ఆర్ఎస్ఆర్, పాత అడంగల్ (సాగు లెక్కల) నకళ్లు తీసుకోండి. పేరు, విస్తీర్ణం కలిస్తే అది సాక్ష్యంగా పనికొస్తుంది. కలవకపోతే మన్రో పేరు చెప్పినా కోర్టులో నిలవదు.

శిస్తు ఎంత వేశాడు? ఆయన భక్తులు దీన్ని దాటేస్తారు. ఆయన వచ్చిన ఏడు భూమి శిస్తు సుమారు 4 లక్షల పౌండ్లు. ఆయన వెళ్లేనాటికి 6 లక్షల పైచిలుకు. ఏడేళ్లలో యాభై శాతం పెరుగుదల! కొంత సాగు పెరిగి వచ్చింది, కొంత పాలెగాళ్లు, రెడ్లు, కరణాలు మింగేది ఖజానాకు మళ్లింది, కొంత నేరుగా రైతు నడ్డి మీద పడింది. సర్వే శిస్తు పంటలో దాదాపు 45 శాతానికి వస్తోందని ఆయనే లెక్కగట్టాడు.

అయితే 1807 ఆగస్టులో సెలవు మీద వెళ్లబోయే ముందు ఆయన పంపిన నివేదిక వేరే రకంగా ఉంది. మెట్ట, మాగాణి తేడా లేకుండా అన్ని భూముల మీదా శిస్తు 25 శాతం తగ్గించండి, బావుల కింద సాగయ్యే తోటలకు ఇంకో 8 శాతం తగ్గించండి అని. అప్పుడు రైతు కట్టేది పంటలో మూడో వంతుకు వస్తుంది. అలా అయితే భూమికి అమ్ముకునే విలువ పుడుతుంది, రైతుకు అది ఆస్తి అవుతుంది. ఇష్టమైన పొలం పట్టుకునే, ఇష్టం లేనిది వదిలేసే స్వేచ్ఛ కూడా ఇవ్వమన్నాడు. దీన్నిబట్టి అప్పటిదాకా ఆ స్వేచ్ఛ సరిగా లేదనే కదా అర్థం. సాగు చేయలేనన్న రైతు చేత పొలం పట్టించడం ఆ కాలంలో మామూలే.

కంపెనీ ఒప్పుకోలేదు. ఆయన ఓడ ఎక్కాక రైతువారీనే తీసేసి, ఊళ్లకు ఊళ్లు మూడేళ్లకు, ఆ తర్వాత పదేళ్లకు గుత్తకిచ్చారు. పెంచిన శిస్తు లెక్కలు చూసి పాడిన గుత్తేదార్లు చాలామంది మునిగారు, రైతుల్ని పిండారు. చివరికి మన్రోయే 1820లో మద్రాసు గవర్నర్‌గా తిరిగొచ్చి దత్త మండలాల్లో ఆ తగ్గింపు అమలు చేశాడు. అడిగినవాడే పదమూడేళ్ల తర్వాత ఇచ్చేవాడయ్యాడు. మీ తాతగారి తరానికి చేరిన 'ధర్మాత్ముడు' అన్న మాటకు మూలం ఎక్కువగా ఈ తగ్గింపే అని నా నమ్మకం.

దీనికి ఒక షరతు కలపాలి. పద్ధతి మంచిదైనా కిందిస్థాయి వసూళ్లు మారలేదు. రైతును ఎండలో వంగోబెట్టి బండ ఎత్తడం లాంటి హింసలు మద్రాసు రాష్ట్రమంతటా సాగాయని 1855లో ప్రభుత్వమే వేసిన కమిషన్ తేల్చింది. కాబట్టి 'రైతువారీ వచ్చింది, రైతు రాజయ్యాడు' అని ఎవరైనా రాస్తే నమ్మకండి.

మధ్యలో జరిగినవి త్వరగా చెబుతాను. ఇంగ్లండులో ఉండగా కంపెనీ చార్టర్ విషయంలో పార్లమెంటు ముందు సాక్ష్యం చెప్పాడు. 1814లో జేన్ క్యాంబెల్‌ను పెళ్లాడి, అదే ఏడు న్యాయ సంస్కరణల కమిషన్ పెద్దగా మద్రాసు తిరిగొచ్చాడు. 1816 రెగ్యులేషన్లు ఆ కమిషన్ ఫలితమే. ఊరి పెద్దకు చిన్న తగాదాలు తీర్చే అధికారం ఇచ్చి గ్రామ మునసబును చేసింది అవే. కలెక్టర్‌కు మేజిస్ట్రేటు అధికారం, పోలీసు పెత్తనం కూడా అప్పుడే వచ్చాయి. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం పదవులు తీసేసేదాకా మన ఊళ్లలో నడిచింది ఆ ఏర్పాటే.

సిపాయి బుద్ధి మాత్రం పోలేదు. 1803లో అస్సయే యుద్ధం గెలిచిన ఆర్థర్ వెల్లెస్లీ, తన ఎత్తుగడ ఎందుకు సరైనదో వివరిస్తూ సీమలో ఉన్న ఈ కలెక్టర్‌కు ఉత్తరం రాశాడు. 1817లో మరాఠా యుద్ధం వస్తే మన్రో యాభై ఆరేళ్ల వయసులో, వినికిడి తగ్గిన చెవులతో మళ్లీ గుర్రమెక్కాడు. చేతిలో పెద్ద సైన్యం లేదు. ఊళ్లలో బంట్లను కూడగట్టుకుని ధార్వాడ వైపు అమల్దార్లను ముందే వేసేసి, బాదామి, బెల్గాం, షోలాపూర్ పట్టాడు. యుద్ధం చేస్తూనే శిస్తు వసూలు చేసిన జనరల్ నాకు తెలిసి ఈయనొక్కడే.

గవర్నర్‌గా ఆయన రాసిన వాటిలో రెండు చెప్పుకోవాలి. పెద్ద ఉద్యోగాలు భారతీయులకు ఇవ్వకుండా వాళ్లను నమ్మదగనివాళ్లనడం అన్యాయమని 1824 డిసెంబరు నాటి తన అధికారిక నోటు, అంటే మినిట్‌లో రాశాడు. ఊరి బడుల లెక్క తీయమని 1822లో కలెక్టర్లందరికీ ఉత్తర్వు ఇచ్చాడు, రాష్ట్రం మొత్తం మీద 12,498 బడులు తేలాయి.

మంత్రాలయం, గండి కథలు. మంత్రాలయం మఠం భూమి విచారణకు వెళ్లి, బూట్లు విప్పి లోపలికెళితే రాఘవేంద్ర స్వామి కనిపించి మాట్లాడారన్నది భక్తుల విశ్వాసం. ఇనాముల (మాన్యం భూముల) విచారణ కలెక్టర్ పనే, ఆదోని ప్రాంతం ఆయన కిందే ఉండేది, అంతవరకు రెవెన్యూ మనిషిగా చెప్పగలను. మిగతాది విశ్వాసానికి సంబంధించినది, అందులో నేను వేలుపెట్టను. తిరుమలలో 'మన్రో గంగాళం' అని నైవేద్యం ఉందన్నదీ మీరు వినే ఉంటారు. వేంపల్లె దగ్గర గండిలో కొండల మధ్య బంగారు తోరణం ఈయనకు కనిపించిందని, అది కనిపించినవాళ్లు ఎక్కువ కాలం బతకరని కడప వైపు చెబుతారు. పిల్లలకు 'మన్రోలప్ప' అని పేరు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. శిస్తు పెంచిన అధికారికి ఇన్ని కథలు ఎలా పుట్టాయా అని మీకు సందేహం రావచ్చు. అంతకుముందు వచ్చినవాళ్లెవరూ రైతుతో రైతు భాషలో, అతని పొలం గట్టు మీద నిలబడి మాట్లాడలేదు. నాకు తోచిన కారణం అదే.

1827లో పదవి దిగబోయే ముందు పాత జిల్లాలను ఒకసారి చూసి వస్తానని బయల్దేరాడు. అంతకుముందు ఏడే భార్య జబ్బుపడ్డ కొడుకును తీసుకుని ఇంగ్లండు వెళ్లిపోయింది. క్యాంపులో కలరా పాకింది. గుత్తి దాటి పత్తికొండ చేరాక జూలై 6న ఆయనకూ సోకింది, ఆ రాత్రే పోయాడు. గుత్తిలో పూడ్చిపెట్టి, 1831లో అవశేషాలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చికి మార్చారు.

చూడాలనుకుంటే గుత్తి కోట కొండ కింద ఇంగ్లీషు శ్మశానంలో ఆయన గుర్తుగా కట్టిన సమాధి ఇంకా ఉంది. పత్తికొండలో ఆయన పేర తవ్వించిన మెట్ల బావి చూడొచ్చు. గుత్తికి రైలు ఉంది, పత్తికొండకు అక్కణ్ణుంచి బస్సులో వెళ్లాలి. కోట కూడా ఎక్కాలనుంటే వేసవిలో మాత్రం వద్దు, పొద్దున్నే మొదలెట్టి ఎండ ముదరకముందే దిగిపోండి.